ఒంటిచేత్తో ఎంజైము గుట్టు విప్పిన జేమ్స్ సమ్నర్

అన్నం ముద్దను కాసేపు నమిలితే నోటికి కొద్దిగా తీపి తగులుతుంది. లాలాజలంలోని అమైలేజు అనే ఎంజైము పిండిపదార్థాన్ని చిన్న చక్కెరలుగా విడగొట్టడమే అందుకు కారణం. కడుపులో పెప్సిన్ మాంసకృత్తులను తెంచుతుంది. పేగుల్లో లైపేజు కొవ్వును విడదీస్తుంది. పొలంలో చల్లిన యూరియాను మట్టిలోని యూరియేజు అమ్మోనియాగా మారుస్తుంది. ఈ ఎంజైములన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. అణువులోని బంధాన్ని తెంచేటప్పుడు అవి ఒక నీటి అణువును వినియోగించుకుంటాయి. అందుకే వీటికి జలవిశ్లేషక ఎంజైములు, అంటే హైడ్రోలేజులు అని పేరు.

ఇవి చేసే పని 19వ శతాబ్దం నుంచే శాస్త్రలోకానికి తెలుసు. అయితే ఇవి ఏ పదార్థంతో తయారయ్యాయో 1926 వరకు ఎవరూ నిర్ధారించలేకపోయారు. ఆ సంవత్సరం అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుడు చిక్కుడు గింజల పిండి నుంచి యూరియేజును స్ఫటికాల రూపంలో వేరుచేసి, అది ప్రోటీన్ అని ప్రకటించారు. ఆయన పేరు జేమ్స్ బాచెలర్ సమ్నర్. ఆయనకు ఎడమ చేయి మోచేతి దిగువ నుంచి లేదు. ఆయన ప్రకటనను ఆనాటి ప్రముఖ రసాయన శాస్త్రజ్ఞులు చాలామంది అంగీకరించలేదు. ఆయన చెప్పినది నిజమని నోబెల్ పురస్కారం రూపంలో గుర్తింపు రావడానికి 20 ఏళ్లు పట్టింది.

వేటలో పోయిన చేయి

సమ్నర్ 1887 నవంబరు 19న మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టన్ నగరానికి సమీపంలోని కాంటన్‌లో జన్మించారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వలస వచ్చిన ప్యూరిటన్ల వంశం వారిది. కుటుంబానికి భూములు, నూలు పరిశ్రమ ఉండేవి. రాక్స్‌బరీ లాటిన్ పాఠశాలలో చదివే రోజుల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు తప్ప మిగిలిన పాఠాలు ఆయనకు విసుగు పుట్టించేవి. తుపాకులన్నా వేటన్నా మాత్రం ఎంతో ఇష్టం.

ఆ ఇష్టమే ప్రమాదం తెచ్చిపెట్టింది. 17 ఏళ్ల వయసులో గ్రౌస్ పక్షుల వేటకు వెళ్లినప్పుడు తోటి వేటగాడి తుపాకీ గుండు పొరపాటున ఆయన ఎడమ చేతికి తగిలింది. వైద్యులు మోచేతి కింది భాగాన్ని తొలగించవలసి వచ్చింది. ఆయన పుట్టుకతో ఎడమచేతివాటం గలవారు కావడంతో నష్టం రెట్టింపయింది. రాయడం మొదలుకొని ప్రతి పనినీ కుడిచేతితో మళ్లీ కొత్తగా నేర్చుకున్నారు. పట్టుదలగా టెన్నిస్, స్కేటింగ్, స్కీయింగ్, బిలియర్డ్స్ అభ్యసించారు. తర్వాతి కాలంలో కార్నెల్ అధ్యాపకుల టెన్నిస్ పోటీల్లో బహుమతి కూడా గెలుచుకున్నారు.

1906లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. మొదట విద్యుత్ ఇంజినీరింగు తీసుకున్నా, కొద్దికాలానికే రసాయన శాస్త్రానికి మారి 1910లో పట్టా పొందారు. కొంతకాలం బంధువుల నూలు కర్మాగారంలో పనిచేశారు. ఆ పని నచ్చక కెనడాలోని మౌంట్ ఆలిసన్ కళాశాలలోనూ, ఆ తర్వాత వూస్టర్ పాలిటెక్నిక్ సంస్థలోనూ అధ్యాపక వృత్తి చేపట్టారు.

ఫోలిన్ సలహా, శిష్యుని నిర్ణయం

1912లో సమ్నర్ హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆచార్య ఆటో ఫోలిన్ వద్ద జీవరసాయన శాస్త్రం అభ్యసించడానికి వెళ్లారు. రక్తం, మూత్రం వంటి ద్రవాల్లోని పదార్థాలను అతి తక్కువ నమూనాతో కొలిచే పద్ధతులకు ఫోలిన్ పేరుపొందారు. గాజు పరికరాలతో సున్నితంగా చేయవలసిన ఆ పనికి రెండు చేతులూ అవసరమని ఆయన భావించారు. ఒక చేయి లేనివారు రసాయన శాస్త్రంలో రాణించలేరనీ, న్యాయశాస్త్రం చదువుకోవడం మేలనీ సలహా ఇచ్చారు. సమ్నర్ ఆ సలహాను స్వీకరించలేదు. రెండేళ్లలో, 1914లో, అదే ఫోలిన్ విభాగం నుంచి డాక్టరేట్ పొందారు.

ఆ రెండేళ్ల పరిశోధన యూరియా చుట్టూనే సాగింది. అమైనో ఆమ్లాల నుంచి యూరియా తయారు కావడంలో కాలేయం పాత్ర గురించి సమ్నర్, సైరస్ ఫిస్క్ కలిసి 1914లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఆ ఫిస్క్ పేరు తెలుగువారికి మరో సందర్భంలో పరిచితమే. భీమవరంలో పుట్టి 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు అదే విభాగంలో ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. భాస్వరాన్ని కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల ఆవిష్కరణ కూడా ఆ ఇద్దరి కృషి ఫలితమే. ఒకే ఆచార్యుని ఛాయలో, పదేళ్ల తేడాతో, జీవరసాయన చరిత్రను మార్చిన ఇద్దరు యువకులు శిక్షణ పొందారన్నమాట.

డాక్టరేట్ అనంతరం సమ్నర్ ఐరోపా యాత్రకు వెళ్లారు. ఆయన స్విట్జర్లాండులో ఉండగా మొదటి ప్రపంచ యుద్ధం మొదలయింది. తిరుగు ప్రయాణం ఆలస్యమైన ఆ రోజుల్లోనే న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా పట్టణం నుంచి తంతి వచ్చింది. కార్నెల్ వైద్య కళాశాలలో జీవరసాయన శాస్త్ర సహాయాచార్య పదవి ఇస్తామన్నది దాని సారాంశం. అక్కడ మొదలైన కొలువు జీవితాంతం కొనసాగింది.

ఎంజైము అంటే ఏమిటి?

సమ్నర్ ఎంచుకున్న సమస్య తీవ్రత అర్థం కావాలంటే అప్పటి పరిస్థితి తెలుసుకోవాలి. మొలకెత్తిన బార్లీ గింజల నుంచి పిండిపదార్థాన్ని విడగొట్టే డయాస్టేజును ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పాయెన్, పెర్సోజ్ 1833లో వేరుచేశారు. 1836లో జర్మనీకి చెందిన థియోడార్ ష్వాన్ జీర్ణరసంలో పెప్సిన్‌ను గుర్తించారు. 1897లో ఎడ్వర్డ్ బుఖ్నర్ ఈస్టు కణాలను నూరి తీసిన రసం కూడా చక్కెరను పులియబెడుతుందని నిరూపించారు. దాంతో ఎంజైములు పనిచేయడానికి బతికున్న కణం ఉండి తీరాలన్న వాదం వీగిపోయింది.

అయినా ఎంజైమును శుద్ధరూపంలో ఎవరూ చూడలేదు. ఈ రంగంలో అప్పటి అత్యున్నత ప్రామాణికుడు జర్మనీకి చెందిన రిషార్డ్ విల్‌స్టాటర్. పత్రహరితంపై పరిశోధనకు 1915లో నోబెల్ పురస్కారం పొందిన మహా శాస్త్రజ్ఞుడాయన. పంచదారను నీటితో విడగొట్టే సక్కరేజును ఆయన ఈస్టు నుంచి తీసి, శుద్ధి చేస్తూ పోయారు. చివరికి మిగిలిన ద్రావణం ఎంజైము పని చేస్తూనే ఉంది. ప్రోటీన్ పరీక్షలకు మాత్రం స్పందించలేదు. దాన్నిబట్టి ఎంజైము ప్రోటీన్ కాదని, అది మరేదో చిన్న చురుకైన పదార్థమని, ప్రోటీన్ దానికి కేవలం ఆధారంగా ఉంటుందని ఆయన నిర్ణయించారు.

ఆ వాదంలో ఒక చిక్కు ఉంది. ఎంజైము అణువు ఒకటే మళ్లీ మళ్లీ పనిచేస్తుంది. కనుక ప్రోటీన్ పరీక్షకు అందనంత స్వల్ప పరిమాణంలో ఉన్నా దాని ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. విల్‌స్టాటర్ ద్రావణంలో ప్రోటీన్ లేకపోలేదు. ఆనాటి పరీక్షలు దాన్ని పట్టుకోలేకపోయాయి.

జాక్‌బీన్ పిండితో తొమ్మిదేళ్లు

కార్నెల్‌లో సమ్నర్‌కు బోధన భారం ఎక్కువ. పరిశోధనకు సమయమూ పరికరాలూ తక్కువ. ఆ స్థితిలో చిన్న చిన్న ప్రయోగాలతో సరిపెట్టుకోవడానికి బదులు, ఫలిస్తే శాస్త్రాన్నే మలుపు తిప్పే ఒక్క సమస్యను పట్టుకోవాలని ఆయన 1917లో నిశ్చయించుకున్నారు. ఎంజైమును శుద్ధరూపంలో వేరుచేయడమే ఆ సమస్య.

యూరియేజును ఎంచుకోవడంలో మంచి వివేచన ఉంది. ఈ ఎంజైము యూరియాను నీటితో విడగొట్టి అమ్మోనియాను, బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. చర్యకు నీరు తప్ప మరో తోడు పదార్థాన్ని కలపనక్కరలేదు. వెలువడిన అమ్మోనియాను కొలిస్తే ఎంజైము ఎంత ఉందో తెలుస్తుంది. ఆ కొలతలో ఫోలిన్ శిష్యుడిగా సమ్నర్‌కు చక్కని శిక్షణ ఉంది. మనవైపు తమ్మకాయ, చమ్మకాయ అని పిలిచే చిక్కుడుకు దగ్గరి బంధువైన జాక్‌బీన్ గింజల్లో యూరియేజు సమృద్ధిగా ఉంటుందని ఆయన అప్పటికే గమనించారు. అంత దండిగా ఉన్న పదార్థాన్ని వేరుచేయడం సాధ్యమేనని ఆయన విశ్వాసం.

విశ్వాసం వేరు, ఫలితం వేరు. గింజల్లోని ఇతర ప్రోటీన్లు అడ్డుతగిలాయి. 1919లో ఆ పిండి నుంచే కాన్‌కనావాలిన్ ఎ, కాన్‌కనావాలిన్ బి అనే ప్రోటీన్లు స్ఫటికాలుగా లభించాయి గాని, యూరియేజు చేతికి చిక్కలేదు. 1921లో ఎంజైములపై గ్రంథాలు రాసిన జాన్ ఎఫ్రాన్ వద్ద పనిచేయాలని సమ్నర్ పరిశోధన వేతనంపై బ్రస్సెల్స్ వెళ్లారు. యూరియేజును వేరుచేయాలన్న ఆలోచనే హాస్యాస్పదమని ఎఫ్రాన్ భావించడంతో ఆ ఏర్పాటు కుదరలేదు. ఇథాకాకు తిరిగివచ్చి ఆయన ఒంటరిగా పని కొనసాగించారు.

ప్రయోగశాలలో చల్లబరిచే పెట్టె కూడా లేదు. పిండిని నీరు కలిపిన ఆల్కహాలులో నానబెట్టి, వడకట్టిన ద్రవాన్ని గాజు పాత్రల్లో పోసి రాత్రిళ్లు కిటికీ గట్టు మీద పెట్టేవారు. ఆ రాత్రి చలి బాగా ఉంటేనే మర్నాటికి పని ముందుకు సాగేది.

1926 ఏప్రిల్ 29

చివరకు ఆల్కహాలు స్థానంలో ఎసిటోన్ వాడి చూశారు. కొవ్వు తీసిన జాక్‌బీన్ పిండిని సుమారు 30 శాతం ఎసిటోన్ కలిపిన నీటిలో కలియబెట్టి, వడకట్టి, ఆ ద్రవాన్ని చలిలో ఉంచారు. 1926 ఏప్రిల్ 29న అందులోంచి ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించినప్పుడు, అంతకుముందెన్నడూ చూడని చిన్న చిన్న అష్టముఖి స్ఫటికాలు కనిపించాయి. వాటిని వేరుచేసి నీటిలో కరిగించి పరీక్షిస్తే యూరియేజు చర్య అత్యంత తీవ్రంగా ఉంది. ప్రోటీన్ పరీక్షలన్నింటికీ అవి స్పందించాయి. తొలిసారిగా ఒక ఎంజైమును స్ఫటికీకరించానని సమ్నర్ వెంటనే టెలిఫోనులో భార్యకు తెలియజేశారు. ఆ ఏడాదే ఆ ఫలితాన్ని జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించారు.

ఒప్పుకోని పెద్దలు

ఈ ప్రకటనకు స్వాగతం లభించలేదు. తొమ్మిదేళ్లపాటు చిన్న ప్రయోగశాలలో దాదాపు ఒంటరిగా పనిచేసిన వ్యక్తి, విల్‌స్టాటర్ వంటి ప్రామాణికుని సిద్ధాంతాన్ని కొట్టివేయడం చాలామందికి మింగుడుపడలేదు. స్ఫటికంలో కనిపిస్తున్నది ప్రోటీన్ కావచ్చు గాని, అసలైన ఎంజైము దాని ఉపరితలానికి అంటుకున్న మరో పదార్థమని విమర్శకులు వాదించారు. 1927లో విల్‌స్టాటర్ స్వయంగా కార్నెల్ విశ్వవిద్యాలయానికి వచ్చి ఎంజైములపై ప్రసంగాలు చేశారు. అప్పుడు కూడా ఆయన తన అభిప్రాయం మార్చుకోలేదు.

సమ్నర్ వాదనకు ప్రయోగాలతోనే బలం చేకూర్చారు. స్ఫటికాలను కరిగించి మళ్లీ స్ఫటికీకరించినా ఎంజైము చర్య ప్రోటీన్‌ను విడిచిపోలేదు. ప్రోటీన్‌ను పాడుచేసే పరిస్థితుల్లో ఎంజైము చర్య కూడా నశించింది. పెప్సిన్‌తో యూరియేజును జీర్ణింపజేసినప్పుడు ప్రోటీన్ తగ్గిన కొద్దీ చర్య కూడా తగ్గింది. అంటుకున్న వేరే పదార్థమే ఎంజైమయితే ఇన్ని విధాలుగా రెండూ కలిసి నడవడానికి కారణం దొరకదు.

గట్టి మద్దతు మరో ప్రయోగశాల నుంచి వచ్చింది. ప్రిన్స్‌టన్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థకు చెందిన జాన్ నార్త్రప్ 1930లో పెప్సిన్‌ను స్ఫటికాలుగా సాధించినట్లు ప్రకటించారు. ఆ తర్వాత మోజెస్ కునిట్జ్‌తో కలిసి ట్రిప్సిన్‌ను కూడా సాధించారు. అవి రెండూ ప్రోటీన్లేనని సమగ్రమైన కొలతలతో రుజువు చేశారు. యూరియేజు, పెప్సిన్, ట్రిప్సిన్ మూడూ జలవిశ్లేషక ఎంజైములే కావడం గమనించదగ్గ విషయం. సమృద్ధిగా లభించడం, చర్యను తేలికగా కొలవగలగడం వల్ల ఎంజైముల స్వభావాన్ని మొదట బయటపెట్టినవి ఇవే అయ్యాయి.

1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాల రూపంలో వేరుచేశారు. 1937లో సమ్నర్ స్వీడన్‌లోని ఉప్సాలాలో థియోడార్ స్వేద్‌బెర్గ్ ప్రయోగశాలలో కొన్ని నెలలు గడిపారు. అక్కడి అల్ట్రా సెంట్రిఫ్యూజి యంత్రంతో యూరియేజు అణుభారం సుమారు 4,83,000 అని తేలింది. అంటే ఒక యూరియేజు అణువు నీటి అణువు కంటే 25 వేల రెట్లకు పైగా బరువైనదన్నమాట. ఎంజైము చిన్న అణువన్న భావనకు ఇది మరో దెబ్బ. అదే ఏడాది స్టాక్‌హోమ్‌లో ఆయనకు షీలే పతకం లభించింది. అలెగ్జాండర్ డౌన్స్‌తో కలిసి ఆయన పశువుల కాలేయం నుంచి కాటలేజు అనే మరో ఎంజైమును స్ఫటికీకరించింది కూడా 1937లోనే.

1946 రసాయన శాస్త్ర నోబెల్ పురస్కారంలో సగభాగం సమ్నర్‌కు, మిగిలిన సగం నార్త్రప్, స్టాన్లీలకు దక్కింది. మరుసటి ఏడాది ఆయన కార్నెల్‌లో ఎంజైము రసాయన ప్రయోగశాలకు సంచాలకులయ్యారు. 1948లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యారు. పదవీ విరమణ తర్వాత బ్రెజిల్ వెళ్లి అక్కడి వైద్య కళాశాలలో ఎంజైము పరిశోధనను నెలకొల్పాలని సంకల్పించారు. ఇంతలో క్యాన్సర్ సోకింది. 1955 ఆగస్టు 12న బఫలో నగరంలో 67 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

మన ప్రయోగశాలల్లో సమ్నర్

సమ్నర్ పేరు వినకుండానే ఆయన కృషిని వాడుకుంటున్నవారు మన దేశంలో అసంఖ్యాకులు. మధుమేహ రోగుల మూత్రంలో చక్కెరను కొలవడానికి డైనైట్రో శాలిసిలిక్ ఆమ్లాన్ని ఉపయోగించే పద్ధతిని ఆయన 1921లో ప్రకటించారు. తర్వాత కొన్ని మార్పులకు లోనైన ఆ డీఎన్ఎస్ పద్ధతితోనే జీవరసాయన విద్యార్థులు నేటికీ అమైలేజు చర్యను కొలుస్తున్నారు. పక్క బల్ల మీద భాస్వరం కొలతకు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి నడుస్తుంటుంది. యూరియేజు ప్రయోగానికి జాక్‌బీన్‌తో పాటు మన ఉలవలు కూడా పనికివస్తాయి.

రోగనిర్ధారణ కేంద్రాల్లో రక్తంలోని యూరియాను కొలిచే ప్రధాన పద్ధతుల్లో ఒకటి యూరియేజు మీదనే ఆధారపడింది. కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి యూరియేజుతో అమ్మోనియా తయారుచేసుకుని జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తట్టుకుంటుంది. శ్వాస పరీక్ష ద్వారా దాని ఉనికిని పసిగట్టడం ఈ చర్య వల్లనే సాధ్యమైంది. నేల మీద చల్లి వదిలేసిన యూరియా కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోవడానికి మూలం కూడా ఇదే ఎంజైము. యూరియాను మట్టిలో కలిసేలా వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు రైతులకు చెప్పడం ఇందుకే.

సమ్నర్ మరణించాక ఆయన ఎంజైము కథ మరింత ముందుకు సాగింది. యూరియేజులో నికెల్ లోహం ఉందని 1975లో ఆస్ట్రేలియా పరిశోధకులు కనుగొన్నారు. ప్రోటీన్ మడతల్లో లోతుగా పక్కపక్కనే అమరిన రెండు నికెల్ అయాన్లు నీటి అణువును పట్టి ఉంచి, యూరియాపై దాడికి సిద్ధం చేస్తాయి. ఎంజైము లేకుండా నీటిలో ఏళ్ల తరబడి జరిగే చర్య ఈ అమరిక వల్ల లక్ష కోట్ల రెట్లకు మించిన వేగం పుంజుకుంటుంది. 1980ల్లో కొన్ని ఆర్‌ఎన్‌ఏ అణువులు కూడా ఎంజైముల్లా పనిచేయగలవని తేలింది. అయినా జీవకణంలో చర్యలను నడిపే ఎంజైముల్లో అత్యధికం ప్రోటీన్లేనన్న నిర్ణయం చెక్కుచెదరలేదు.

1926లో ఇథాకాలో సూక్ష్మదర్శిని కింద కనిపించిన జాక్‌బీన్ యూరియేజు అణునిర్మాణం మాత్రం చాలాకాలం అందలేదు. ఎక్స్-కిరణాల సాయంతో ఆ నిర్మాణాన్ని పూర్తిగా ఛేదించి 2010లో ప్రకటించినవారు మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు. జి.ఎన్. రామచంద్రన్ తీర్చిదిద్దిన స్ఫటిక విజ్ఞాన విభాగం వారసులు వారు. మొక్కల నుంచి లభించే యూరియేజుల్లో నిర్మాణం తెలిసిన మొదటిది అదే. సమ్నర్ ఇథాకాలో ప్రారంభించిన పని ఎనిమిది దశాబ్దాల తర్వాత చెన్నైలో ఆ విధంగా ఒక కొలిక్కి వచ్చింది.